జిల్లేడు పేరంటం

మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలుపు వచ్చింది. వ్రతం క్లబ్‌హౌస్‌లో. పేర్లు నమోదు చేసుకోవడానికి ఒక లింకు ఇచ్చారు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి పొద్దున్నే తాంబూలం, ఇంటినుంచి పనిచేసేవాళ్ళకి మీటింగులు లేనప్పుడు. కట్టుకోవలసిన రంగులు పసుపు, నీలం. అన్నిటికంటే కింద, చేతులు జోడించిన బొమ్మ పక్కన, "సుమంగళులందరూ ఆహ్వానితులే" అని రాశారు. ఫోను భోజనాల బల్ల మీద వదిలి నేను స్టవ్ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా కామేశ్వరి పిన్ని ఆ మెసేజీ చదివేసింది. కంటికి శుక్లాలు తీయించినప్పటినుంచి ఆవిడ ఇంట్లో కనబడిన అక్షరమల్లా చదువుతోంది, పప్పుల ప్యాకెట్ వెనక ఉన్నది కూడా. మా బాబాయి పోయి ఏడాది దాటింది. వాళ్ళకి పిల్లలు లేరు. అందుకని మణికొండలో మా దగ్గరే ఉంటోంది. "పసుపు చీర ఉందా నీకు?" అని మాత్రం అడిగింది.

నేను ఊరుకోలేక కల్చరల్ కమిటీ చూసుకునే అమ్మాయికి ఫోన్ చేశాను. మంచి పిల్ల, రాయదుర్గంలో పెద్ద ఉద్యోగం, ఎప్పుడు కనబడినా నమస్కారం పెడుతుంది. "మా పిన్నిని కూడా తీసుకొస్తానమ్మా" అన్నాను. "అయ్యో ఆంటీ, పెద్దావిడ, మెట్లెక్కడం ఇబ్బంది కదండీ" అంది. క్లబ్‌హౌస్‌కి మెట్లు లేవు, ర్యాంపు ఉంది. ఆ మాటే అన్నాను. "ప్రసాదం ఫ్లాట్‌కే పంపిస్తామండీ. పెద్దావిడ పేరు డెలివరీలో పెట్టేశాను" అంది. నేను కూడా వెళ్ళనని పిన్నితో చెప్పాను. ఆవిడ పేపరులోంచి తల ఎత్తకుండా, "నువ్వెందుకు మానడం? వెళ్ళి శనగలు తీసుకురా. నాకు శనగలంటే ఇష్టం" అంది. ఆ మధ్యాహ్నమంతా నాకు మా బామ్మ గుర్తుకొచ్చింది. బామ్మ వెనకాలే జిల్లేడు మిడతలూ గుర్తుకొచ్చాయి. మా ఇంట్లో ఆ మూడింటినీ, అంటే బామ్మనీ, మిడతల్నీ, పేరంటాన్నీ, విడదీసి గుర్తుచేసుకోవడం కుదరదు.

కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ కొత్తగా కట్టిన రోజుల్లో మేం కాకినాడ నుంచి అక్కడికి వచ్చాం. నాన్నది గవర్నమెంటు ఉద్యోగం. మా వీధి అయిపోగానే ఊరు అయిపోయేది. అక్కడినుంచి మాదాపూర్ దాకా గుట్టలు, బండరాళ్ళు, వాటి సందుల్లో తంగేడు, జిల్లేడు. తెల్లారకముందే బామ్మ స్నానం చేసి, దండెం మీది మడిబట్టని కర్రతో తీసి కట్టుకునేది. అమ్మ ఆ పాటికి కాఫీగింజలు వేయించేది, ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. విశ్వం బాబాయి, నాన్న తమ్ముడు, మాతోనే ఉండేవాడు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమస్తా. రాత్రి పరుపు కింద పెట్టిన ప్యాంటు పొద్దున తీసి, మడత సరిగ్గా పడిందా లేదా అని వెలుతురులో పెట్టి చూసుకునేవాడు. నవ్వేవాడు కాదు, నవ్వించేవాడు. అప్పటికి ఇద్దరు భార్యలు పోయారు. మొదటావిడ పురిట్లో బిడ్డతో సహా పోయింది. రెండో ఆవిడ కామెర్లతో పోయింది. రెండో ఆవిడని ఆసుపత్రిలో ఉంచినన్నాళ్ళూ బాబాయి రోజూ సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పుతూ, "ఆరోగ్యంగానే ఉంది, కొంచెం చిక్కింది" అని చెప్పేవాడట. చివరిరోజు కూడా అదే మాట చెప్పాడని అమ్మ అంటూండేది.

కామేశ్వరి పిన్ని మా బళ్ళో లెక్కల టీచరు. తండ్రి లేని ఇంట్లో తమ్ముళ్ళని చదివిస్తూ పెళ్ళి వాయిదా వేసుకుంది. వాయిదా ఎక్కువైపోయింది. నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడానికి నాన్నకి బదులు బాబాయి వచ్చాడు, ఇద్దరూ నా లెక్కల మార్కుల గురించి విచారంగా మాట్లాడుకున్నారు, ఆ తర్వాత నా మార్కులతో పనిలేకుండానే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అందరికీ నచ్చిన సంబంధమే. బామ్మకే భయం. మూడో పెళ్ళి అచ్చిరాదని, మూడో భార్య బతకదని మావాళ్ళలో ఒక నమ్మకం. దానికి విరుగుడు కూడా ఉంది. మూడో పెళ్ళి జిల్లేడు చెట్టుతో చేసేస్తారు. అచ్చంగా పెళ్ళే, కన్యాదానంతో సహా. రావలసిన కీడు ఆ చెట్టుకి పోతుంది, తరవాత వచ్చే మనిషి లెక్కలో నాలుగోదవుతుంది. ఈ సంగతి పిన్నికి ఎలా చెప్పాలా అని ఇంట్లో అందరూ మథనపడుతుంటే బాబాయే వెళ్ళి చెప్పాడు. "చెట్టుకి అభ్యంతరం లేకపోతే నాకూ లేదు" అందట పిన్ని. ఆవిడ పెద్దతమ్ముడు మాత్రం ఇద్దరు పెళ్ళాలు పోయినవాడికి అక్కని ఇవ్వడమేమిటని అప్పటికే వెనక్కి లాగుతున్నాడు. శ్రావణం దాటితే భాద్రపదం, ముహూర్తాలుండవు. ఆలస్యమైతే అతని మాటే నెగ్గుతుందని అమ్మ భయం.

ఇంటి దగ్గర జిల్లేడు మొలిస్తే ఆ ఇల్లు పాడుబడుతుందని బామ్మ నమ్మేది గనక పెళ్ళికూతురిని కాలనీ బయట వెతకాల్సి వచ్చింది. బామ్మ, అమ్మ, నేను గుట్టల్లోకి వెళ్ళి పెళ్ళిచూపులు చూశాం. ఒకటి మరీ పొట్టి. ఒకటి ఏపుగా ఉందిగానీ మేకల దారిలో ఉంది, నడవడిక మంచిది కాదని బామ్మ వద్దంది. చివరికి రెండు బండల మధ్య, నిండుగా ఆకులూ ఊదారంగు పూలూ కాయలూ ఉన్నదాన్ని ఖాయం చేశాం. మాటిచ్చినందుకు గుర్తుగా అమ్మ చేత దానికి పసుపుతాడు కట్టించింది బామ్మ. తను కట్టలేదు, దగ్గరికి కూడా రాలేదు. తాత పోయినప్పటినుంచి శుభకార్యాల్లో బామ్మ ఎప్పుడూ వాకిలికి అవతలే నిలబడేది. అక్కడ వాకిలి లేదు గనక ఒక బండకి అవతల నిలబడింది. ఎవరూ నిలబడమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు.

ఆ మర్నాటినుంచి బాబాయి ఆఫీసునించి వచ్చాక గొడుగు తీసుకుని, కాబోయే ఆవిడని చూసొస్తానని వెళ్ళేవాడు. నన్ను వెంటబెట్టుకునేవాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఆరోగ్యంగా ఉంది" అని చెప్పేవాడు. అమ్మ నవ్వేది. బామ్మ నవ్వేది కాదు. ఆవిడకి ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు.

తరవాత మిడతలు వచ్చాయి. అంతకుముందు మచ్చల మచ్చల పిల్లపురుగులు కొన్ని కనబడ్డాయి, మేం పట్టించుకోలేదు. ఒకరోజు వెళ్ళేసరికి చెట్టునిండా పెద్దవి. ఒంటికి పచ్చటి పసుపు, దానిమీద నీలం చారలు, మీసాలకి నల్లటి పట్టీలు. మామూలు మిడతల్లా ఎగిరి పారిపోయేవి కావు. వాటి పక్కన చెయ్యి పెట్టినా బెదరకుండా, పట్టుచీరలు నలగకూడదన్నట్టు మెల్లిగా జరిగేవి. నేను ఒకదాన్ని వేలితో ముట్టుకుంటే చివ్వున ఏదో చిమ్మింది, చెయ్యంతా కంపు. పరిగెత్తుకుంటూ బామ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. బామ్మ వచ్చి, తన బండ దగ్గరే నిలబడి, చాలాసేపు చూసింది. "పేరంటాళ్ళే" అంది. "పసుపు రాసుకుని, చీరలు కట్టుకుని, పిలవకుండానే వచ్చారు చూడు, పెళ్ళికూతురిని చూడ్డానికి. వాటిని ముట్టుకోకు." చేతికంటిన కంపు చూపిస్తే, "పన్నీరు చల్లింది. పెళ్ళికి వచ్చినవాళ్ళు చల్లరూ?" అంది. అంత కంపుకొట్టే పన్నీరు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గుట్టల్లో గేదెల్ని మేపుకునే మల్లమ్మ మా చెట్టు దగ్గర ఆగి, "ఏందమ్మా, జిల్లేడుకు పసుపుతాడు గట్టిండ్రు? మీ దిక్కు గిట్ల గూడ చేస్తరా?" అని అడిగింది. అమ్మ సిగ్గుపడుతూ సంగతంతా చెప్పింది. మల్లమ్మ ఏమీ నవ్వలేదు. "మంచిదే. గని ఇగ పురుగు వడ్డది. జర పొగవెడ్తె పోతయి, వెట్టమంటరా?" అంది. పేరంటానికి వచ్చినవాళ్ళకి పొగబెడతారా అని బామ్మ ఇంతెత్తున లేచింది. "తిననీ. పెళ్ళికొచ్చినవాళ్ళు తినకుండా పోతారా?" అంది. "మీ ఇష్టం తల్లీ" అని మల్లమ్మ గేదెల్ని తోలుకుని వెళ్ళిపోయింది. తెలుగు ఒకటే అయినా, ఆ రోజు ఆ ఇద్దరూ ఒకరిని చూసి ఒకరు జాలిపడ్డారని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆ శుక్రవారం అమ్మ ఇంట్లో పేరంటం చేసింది. కాలనీలో మా వైపువాళ్ళందరూ వచ్చారు. బామ్మ పెరట్లో కూచుంది. అందరూ వెళ్ళాక ఒక గుప్పెడు నానబెట్టిన శనగలు కొంగున కట్టుకుని, నన్ను తోడు తీసుకుని గుట్టల్లోకి వచ్చింది. అదొక్కరోజే బండ దాటి చెట్టు దాకా వచ్చింది. శనగలు ఒక ఆకులో పోసి, చెట్టు మొదట్లో పెట్టి, మిడతలవైపు తిరిగి, "ఇస్తినమ్మ వాయనం" అంది. అన్నాక నావైపు చూసింది. వాయనం పుచ్చుకున్నవాళ్ళు తిరిగి ఒక మాట అనాలి, లేకపోతే ఇచ్చినట్టు కాదు. మిడతలు తినే పనిలో ఉన్నాయి. నేనే వాటి తరఫున, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను. బామ్మ మొహం విప్పారింది. అంతకుముందూ ఆ తర్వాతా నేను ఆవిడని అంత సంతోషంగా చూడలేదు. మిడతలు శనగల్ని ముట్టుకోలేదు, ఆకులే తిన్నాయి. ఆ సాయంత్రం బాబాయి చెప్పులు విప్పుతూ, "ఆరోగ్యంగానే ఉంది" అని ఆగాడు. "కొంచెం చిక్కింది" అన్నాడు. బామ్మ లోపలికి వెళ్ళిపోయింది.

జిల్లేడు పెళ్ళి ఆదివారం పొద్దున, పిన్నితో పెళ్ళి ఆ వెంటనే వచ్చే గురువారం. ఆదివారం శాస్త్రిగారిని వెంటబెట్టుకుని, కలశం, కొత్తబట్టలు, కొబ్బరికాయలు మోసుకుని అందరం వెళ్ళాం. చెట్టు లేదు. అంటే చెట్టు ఉంది, కాడలున్నాయి, పసుపుతాడు ఉంది. ఆకు లేదు, పువ్వు లేదు, కాయ లేదు. కాడల్ని పట్టుకుని పేరంటాళ్ళు కూచున్నారు, కొందరు ఒకరి వీపు మీద ఒకరు. శాస్త్రిగారు పైపంచె సర్దుకుని, ఆకూ పువ్వూ కాయా ఉన్న చెట్టుకే చెయ్యాలని, ఇది పనికిరాదని చెప్పారు. పక్కనే ఇంకో జిల్లేడు ఉంది, దానికి చేద్దామన్నారు. బండ అవతలినుంచి బామ్మ ఒప్పుకోలేదు. పసుపుతాడు కట్టి మాటిచ్చిన పిల్లని కాదని పక్క పిల్లని చేసుకోవడం ఏం మర్యాద అంది. వచ్చే ఏడు చూసుకుందామంది. నాన్న తల పట్టుకున్నాడు. బాబాయి చెట్టు ముందు గొంతుకూచుని, పెళ్ళిబట్టలతో, ఒక మిడతని చూస్తూ, "భోజనాలు బాగున్నాయాండీ?" అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. బాబాయి కూడా నవ్వలేదు.

అప్పుడే కామేశ్వరి పిన్ని వచ్చింది. సవతి పెళ్ళి చూడకూడదని అమ్మ ఎంత చెప్పినా వినకుండా, ట్యూషన్ చెప్పి అటునుంచి అటే, గొడుగు వేసుకుని వచ్చింది. చెట్టుని చూసింది. శాస్త్రిగారు చెప్పిందంతా విన్నది. క్లాసులో బోర్డు మీద లెక్క తప్పుపోయినప్పుడు చూసినట్టే కొంతసేపు కాడలవైపు చూసింది. "శాస్త్రిగారూ, పసుపుతాడు కట్టారు, మాటిచ్చారు. ఈవిడ మూడో ఆవిడే కదండీ?" అంది. అవుననే అనుకోవాలన్నారు ఆయన. "మూడో ఆవిడ పోతుందనే కదా ఇదంతా?" అంది. అవునన్నారు. "పోయింది కదండీ. ఇంక నేను నాలుగోదాన్నే." శాస్త్రిగారు చాలాసేపు ఆలోచించి, ఇలాంటిది శాస్త్రంలో ఎక్కడా చెప్పలేదమ్మా అన్నారు. "కూడదని చెప్పారాండీ?" అని అడిగింది. అదీ చెప్పలేదన్నారు.

బామ్మ బండ దాటి రాలేదు. అక్కడినుంచే, "అమ్మాయ్, ఇటు రా" అని పిలిచింది. పిన్ని వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. "నువ్వు లెక్కలు బాగా చెప్తావు. నాకు లెక్కలు రావు" అంది బామ్మ. "ఇద్దరు కోడళ్ళని పంపించాను. ఇద్దరూ బంగారం లాంటి పిల్లలు. నువ్వు కూడా పోతే నేను చూడలేను. నాకు భయంగా ఉందమ్మా." బామ్మ ఏడవడం నేను అప్పుడే చూశాను. పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని, "పోనండీ అత్తయ్యగారూ" అంది. పెళ్ళి కాకముందే అత్తయ్యగారూ అంది. "ఎలా చెప్పగలవ్?" అంది బామ్మ. "మీకంటే ముందు పోను. మీ అబ్బాయిని పంపించాకే పోతాను. ఆయన్ని మళ్ళీ ఒక్కణ్ణి చెయ్యను. ఇంతకంటే ఏం చెప్పను?" అంది పిన్ని. కొడుకు పోయే సంగతి అలా ఎత్తినందుకు ఇంకెవరైనా అయితే బామ్మ చీల్చి చెండాడేది. ఆ రోజు తలూపి, కళ్ళు తుడుచుకుని, శాస్త్రిగారిని కేకేసి, చెట్టు పోయినందుకు వాడికి మైల ఎన్నాళ్ళు అని అడిగింది. తలస్నానంతో సరిపోతుందన్నారు ఆయన. బాబాయి ఇంటికొచ్చి పెరట్లో బావి దగ్గర తలస్నానం చేశాడు, మూడోసారి. విశ్వంగారి పెళ్ళికూతురిని పురుగులు తినేశాయట అని కాలనీ అంతా చెప్పుకున్నారు. మల్లమ్మ కూడా వచ్చి అమ్మని పరామర్శించి వెళ్ళింది. గురువారం పెళ్ళి అయింది.

పిన్ని మాట నిలబెట్టుకుంది. బామ్మని ఆవిడే సాగనంపింది. బాబాయి ముసలివాడై మంచాన పడ్డాక నేను రోజూ ఫోన్ చేస్తే, "ఆరోగ్యంగానే ఉన్నారు, కొంచెం చిక్కారు" అని చెప్పేది. ఆ మాట ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు, ఇద్దరం తెలియనట్టే మాట్లాడుకునేవాళ్ళం. ఆ గుట్టలు ఇప్పుడు లేవు. బండల్ని పేల్చి అద్దాల మేడలు కట్టారు. మెట్రోలో రాయదుర్గం వెళ్ళేటప్పుడు ఆ పెళ్ళిచూపులు ఎక్కడ జరిగాయా అని ఒక్కోసారి చూస్తాను, ఏ మేడ కిందో పోల్చుకోలేను. మల్లమ్మవాళ్ళు ఎటు వెళ్ళారో కూడా నాకు తెలియదు. ఆ మేడల్లో పనిచేసే పిల్లలు మంచివాళ్ళు, తెలివైనవాళ్ళు, మా కాలంలో లేనివి చాలా వచ్చాయి. బామ్మ నిలబడే బండ ఒక్కటి మాత్రం ఎవరూ పేల్చలేదు. దాన్ని డెలివరీలో పెట్టారు.

శుక్రవారం నేను పసుపు చీర కట్టుకుని, నీలం జాకెట్టు వేసుకుని క్లబ్‌హౌస్‌కి వెళ్ళాను. నాలాంటివాళ్ళు హాలునిండా ఉన్నారు. పళ్ళేల చుట్టూ మెల్లిగా జరుగుతున్నారు, ఒకరు పన్నీరు చల్లుతున్నారు. నాకు నవ్వాగక పాట అందుకోలేకపోయాను. తాంబూలం సంచీ తీసుకుని ఫ్లాట్‌కి వస్తే పిన్ని లేదు. గుమ్మం ముందు ప్రసాదం డబ్బా ఉంది, దానిమీద ఫ్లాట్ నంబరు రాసుంది, పేరు లేదు. నాకు చాలా కోపం వచ్చింది. సెక్యూరిటీ అతన్ని అడిగితే, "అమ్మ స్టూలు వట్టుకొని పక్క ప్లాటు దిక్కు వోయింది మేడం. ఎండల ఎందుకమ్మా అంటే, పేరంటం ఉన్నదన్నది" అన్నాడు.

మా ప్రహరీ పక్కన ఇంకా కట్టని స్థలం ఒకటి ఉంది. చుట్టూ నీలం రేకులు, లోపల ఒక బండ, బండ పక్కన జిల్లేళ్ళు. రేకుల సందులోంచి దూరితే పిన్ని స్టూలు మీద కూచుని ఉంది. ఎదురుగా చెట్టు, చెట్టు నిండా పేరంటాళ్ళు, పసుపూ నీలమూ. ఆకులు సగం అయిపోయాయి. నన్ను చూసి, "నువ్వూ ఆ రంగే కట్టావే" అంది. తరవాత మిడతలవైపు తిరిగి, "మా అత్తగారి తరఫువాళ్ళు. పెళ్ళినాటి చుట్టరికం. వీళ్ళు పిలవకుండానే వస్తారు, నేనూ అలాగే వచ్చాను" అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మామూలుగా లేవు. నేను ఆవిడ పక్కన రాయి మీద కూచున్నాను. చాలాసేపు మిడతలు తినడం చూశాం.

సంచీలోంచి శనగల పొట్లం, పండు, పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ తీశాను. ఆవిడ శనగలకి మాత్రమే చెయ్యి చాపింది. నేను అన్నీ కలిపి కొంగుమీద పెట్టి, ఆవిడ ముందు పట్టుకుని, "ఇస్తినమ్మ వాయనం" అన్నాను. పిన్ని చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చెట్టువైపు చూసింది, వాళ్ళెవరైనా జవాబు చెప్తారేమోనన్నట్టు. వాళ్ళు తినే పనిలో ఉన్నారు. "వాళ్ళకి కాదు పిన్నీ. నీకే" అన్నాను. మళ్ళీ అన్నాను, "ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది పిన్ని, కొంగు పట్టి. పొట్లం చేతిలో ఉంచుకుని మిగతావి ముడి వేసుకుంది, కళ్ళు తుడుచుకుంది. పొట్లం విప్పి రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

"శనగలు సరిగ్గా నానలేదు" అంది.